ప్లీడరమ్మ సమాధానాలు: రోములో వారసుడెవరు?

పోయిన సంచికలో ఒక దత్తత దస్తావేజు గురించి జవాబు రాస్తూ, రోము చక్రవర్తి అగస్టస్ తన వీలునామాలో సొంత భార్యనే కూతురిగా దత్తత తీసుకున్నాడని మాటవరసకు అన్నాను. పొలం గట్ల ఉత్తరాలన్నీ పక్కకు పోయి, ఈసారి సంచినిండా రోమే వచ్చింది. నేను సివిల్ కోర్టులో వాటాలూ వీలునామాలూ వాదించుకుంటూ బతికినదాన్ని, చరిత్ర ప్రొఫెసరును కాను. అయితే ఆ తొలి చక్రవర్తుల కథ యుద్ధాల కన్నా వారసత్వపు దావాకే దగ్గరగా ఉంటుంది. నాకు చేతనైన వైపు నుంచే చెబుతాను.

ప్రశ్న: అగస్టస్ నుంచి నీరో దాకా ఐదుగురు చక్రవర్తులు. ఒక్కరి తర్వాత కూడా కన్నకొడుకు రాలేదు. తండ్రి అధికారం కొడుక్కి రావడం రోములో చట్టవిరుద్ధమా అమ్మా?
డిగ్రీ విద్యార్థిని, వరంగల్

చట్టవిరుద్ధం కాదు తల్లీ, అసలు చట్టమే లేదు. ఉండడానికి వీలూ లేదు, ఎందుకంటే కాగితం మీద రోములో సింహాసనమే లేదు.

రాజులను వెళ్లగొట్టిన ఊరు మాది అని మురిసిపోయే జనం వాళ్లు. జూలియస్ సీజర్ రాజు కావాలని చూస్తున్నాడన్న అనుమానం ముదిరి, క్రీ.పూ. 44 మార్చి 15న పెద్దల సభ అయిన సెనేట్ సమావేశంలోనే పొడిచి చంపారు. అతని వీలునామా విప్పితే దత్తపుత్రుడిగా తేలినవాడు తోబుట్టువు మనవడు ఆక్టేవియన్, పద్దెనిమిదేళ్లవాడు. ఆ కుర్రవాడు అంతర్యుద్ధాలన్నీ దాటుకుని, క్రీ.పూ. 31లో ఆక్టియం దగ్గర ఆంటోనీ, క్లియోపాత్రల నౌకాబలాన్ని ఓడించి ఎదురులేనివాడయ్యాడు. సీజర్‌కు పట్టిన గతి మరిచిపోలేదు. క్రీ.పూ. 27 జనవరిలో అధికారాలన్నీ సెనేట్‌కు తిరిగి అప్పగిస్తున్నానని ప్రకటించాడు. సెనేట్ అతనికి అగస్టస్ అనే బిరుదిచ్చి, సైన్యాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలను పదేళ్ల గడువుతో అతనికే ఒప్పజెప్పింది. క్రీ.పూ. 23లో ట్రిబ్యూన్ (సామాన్య ప్రజల తరఫున నిలిచే అధికారి) పదవి ఇవ్వకుండా, ఆ పదవికి ఉన్న అధికారాలు మాత్రం ఇచ్చింది. ఏ తీర్మానాన్నైనా అడ్డుకోవచ్చు, సెనేట్‌ను పిలవవచ్చు, ఒంటిమీద ఎవరూ చేయి వేయడానికి లేదు.

ఇలా ఒక్కో ముక్కా ఒక్కో తీర్మానంతో వచ్చింది. అన్నీ ఆ మనిషి పేరు మీద ఇచ్చినవే, మనిషితోనే పోయేవే. వారసులకు దక్కేది ఇళ్లు, భూములు, బానిసలు, నగదు, సీజర్ అన్న ఇంటిపేరు. ఆ ఇంటిపేరు చెబితే ప్రాణమిచ్చే సైనికులు సరిహద్దుల పొడవునా ఉన్నారు. తిరకాసంతా ఇక్కడే ఉంది. ఆస్తికి వారసుడిని రాయవచ్చు, అధికారానికి రాయకూడదు. ఆస్తి ఎవరికి పోతే అధికారం కూడా వాళ్ల గుమ్మంలోకే వస్తుందని మాత్రం ఊరందరికీ తెలుసు.

అదే క్రీ.పూ. 23లో అగస్టస్ మంచం పట్టాడు. ఇక లేవననుకుని పెద్దలను పిలిపించాడు. అక్క ఆక్టేవియా కొడుకు మార్సెల్లస్ అతని అల్లుడు కూడా, అగస్టస్ కూతురు జూలియాను చేసుకున్నాడు. అతని పేరు చెబుతాడని అందరూ చెవులు రిక్కించారు. అగస్టస్ సైన్యాల జాబితా, ఆదాయాల లెక్కలు ఉన్న పుస్తకాన్ని తోటి కాన్సల్ (ఏటా ఉండే ఇద్దరు అత్యున్నత అధికారుల్లో ఒకడు) పీసో చేతిలో పెట్టాడు. ముద్ర ఉంగరం తీసి స్నేహితుడూ సేనానీ అయిన అగ్రిప్పాకు ఇచ్చాడు. వారసుడి మాటే ఎత్తలేదు. తర్వాత ఆంటోనియస్ మూసా అనే వైద్యుడు చన్నీళ్ల స్నానాలతో, చల్లటి పానీయాలతో అతన్ని బతికించాడు. లేచి తిరిగాక చేసిన పని నాకు భలే నచ్చుతుంది. వీలునామా పట్టుకుని సెనేట్‌కు వెళ్లి, చదువుతాను వినండి, అధికారానికి నేను ఎవరినీ వారసుడిగా రాయలేదని మీరే చూడండి అన్నాడు. సభ్యులు వద్దంటే వద్దని చదవనివ్వలేదు. బతికున్న మనిషి వీలునామా విప్పితే ఎంత రభస అవుతుందో ఆ సెనేటర్లకు మన ప్లీడర్లకు తెలిసినంతా తెలుసు.

ఇక కన్నకొడుకుల సంగతి. అగస్టస్ తర్వాత వరసగా వచ్చినవాళ్లు టిబేరియస్, కాలిగులా, క్లాడియస్, నీరో. అగస్టస్‌కు జూలియా ఒక్కతే సంతానం. టిబేరియస్ కొడుకు డ్రూసస్ క్రీ.శ. 23లో తండ్రి కన్నా ముందే పోయాడు. కాలిగులాకు ఉన్నది ఒక్క ఆడపిల్ల, తండ్రిని చంపినప్పుడే ఆ పసిదాన్నీ చంపారు. నీరో కూతురు నాలుగు నెలలు నిండకముందే పోయింది. క్లాడియస్‌కు మాత్రం కొడుకుండీ వారసుడు కాలేదు. ఆ దావా గురించి వేరే ఉత్తరం ఉంది, అక్కడ చెబుతాను.

ప్రశ్న: భార్యను కూతురిగా దత్తత తీసుకోవడం ఏమిటండీ? మీరు సరదాకు రాశారా, నిజంగా జరిగిందా? జరిగితే కొడుకు టిబేరియస్ ఆవిడకు ఏమవుతాడు?
రిటైర్డ్ తహసీల్దారు, తెనాలి

నిజంగానే జరిగిందండీ. అగస్టస్ క్రీ.శ. 14 ఆగస్టు 19న నోలా అనే ఊళ్లో, డెబ్బై ఐదేళ్ల వయసులో పోయాడు. వీలునామా అంతకు పదహారు నెలల ముందు, క్రీ.శ. 13 ఏప్రిల్ 3న రాసింది. కొంత తన చేత్తో రాశాడు, కొంత ఇద్దరు విముక్త బానిసల చేత రాయించాడు. దాచింది వెస్టా దేవత కన్యల దగ్గర, అంటే ఆ దేవత గుడి పూజారిణుల దగ్గర. రోములో అంతకన్నా నమ్మకమైన చోటు లేదు. ఆ కన్యలే దాన్ని తెచ్చి సెనేట్‌లో అప్పగించారు.

మొదటి వాక్యం వింటేనే టిబేరియస్ ముఖం చిన్నబోయి ఉంటుంది. క్రూరమైన విధి నా కొడుకులు గాయస్‌ను, లూషియస్‌ను నా నుంచి లాక్కుంది కాబట్టి టిబేరియస్ నా ఆస్తిలో మూడింట రెండు వంతులకు వారసుడగుగాక, అని ఉంది. కాబట్టి, అట! ఆ కొడుకులిద్దరూ జూలియా బిడ్డలు, అగస్టస్ దత్తత తీసుకున్న మనవలు. మిగిలిన మూడో వంతు భార్య లివియాకు. ఇద్దరూ తన ఇంటిపేరు పెట్టుకోవాలన్నది షరతు. ఆ షరతుతోనే లివియా సీజర్ల వంశమైన జూలియన్ల ఇంటి ఆడపడుచై, జూలియా అగస్టా అయింది. టిబేరియస్‌ను అంతకు పదేళ్ల ముందే దత్తత తీసుకున్నాడు. లివియా మొదటి పెళ్లిలో పుట్టిన కొడుకు అతను. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: కన్నతల్లీ కొడుకూ దస్తావేజు ప్రకారం అక్కాతమ్ముళ్లయ్యారు. మన 1956 చట్టం ఇచ్చిపుచ్చుకోవడం జరిగితేనే దత్తత అంటుంది కనుక, ఇలాంటి దస్తావేజు పట్టుకొస్తే ఏ జడ్జీ గుమస్తాతో సహా నవ్వేవాడు.

మిగతా వాటాలు చూడండి. ఒకవేళ వీళ్లు కాదంటే రెండో వరస వారసులు టిబేరియస్ కొడుకు డ్రూసస్, తమ్ముడి కొడుకు జర్మానికస్, అతని ముగ్గురు కొడుకులు. రోము ప్రజలకు 4 కోట్ల సెస్టర్సులు (రోము నాణేలు). అంగరక్షక దళం, అంటే ప్రిటోరియన్లకు తలా 1,000. సరిహద్దు సైనికులకు తలా 300. వెలి వేసిన కూతురు జూలియాకూ మనవరాలు జూలియాకూ తన సమాధిలో చోటు ఇవ్వవద్దని ఒక పంక్తి. ఆ పంక్తి రాసేటప్పుడు చేయి వణికిందో లేదో గానీ, కొట్టివేత మాత్రం లేదు.

రాజ్యం ఎవరికి అన్న మాట ఇంత వీలునామాలో ఎక్కడా ఉండదు. ప్రజలకు, సైనికులకు కానుకలు రాసిన చేయి వారసుడెవరో చెప్పకనే చెప్పింది.

ప్రశ్న: అడ్డొచ్చిన వాళ్లందరినీ లివియా విషం పెట్టి చంపిందని చదివాను. మీ తీర్పు?
గృహిణి, రాజమహేంద్రవరం

సాక్ష్యం చాలదు. కేసు కొట్టేస్తాను.

మార్సెల్లస్ పోయిన రోజుల్లో రోములో జనం జబ్బులతో చాలామంది పోయారు. లూషియస్ క్రీ.శ. 2లో మస్సీలియాలో, అంటే ఇప్పటి మార్సేలో పోయాడు. గాయస్ ఆర్మీనియాలో తగిలిన గాయం మానక క్రీ.శ. 4లో లిసియాలో పోయాడు. ఇంత దూరాలకు వంటింటి విషం ఎలా చేరింది? చెట్టు మీది అంజూర పండ్లకు విషం పూసి అగస్టస్‌కు తినిపించిందన్న మాట రాసిన చరిత్రకారుడు డియో కాసియస్ రెండు వందల ఏళ్ల తర్వాతివాడు, పైగా అదీ వినికిడిగానే రాశాడు. ఇంకో చరిత్రకారుడు టాసిటస్ వంద ఏళ్ల తర్వాతివాడు, సవతి తల్లి కుట్రేమో అని గిచ్చి వదిలేశాడు. లాభం ఎవరికి కలిగిందన్నది అనుమానానికి పనికొస్తుంది, శిక్షకు పనికిరాదు. నాకు ఇంకో చిరాకు కూడా ఉంది. కుర్రాళ్లు పోతే ఇంట్లో పెద్దావిడ మీదికే వేలు పోవడం అన్ని ఊళ్లలోనూ ఉన్న అలవాటే.

ప్రశ్న: టిబేరియస్ అధికారం నాకొద్దని సెనేట్‌లో బతిమాలించుకున్నాడట. అంతా నాటకమేనా?
బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

సగం నాటకం, సగం నిజం అని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

అధికారం అతని చేతిలో అప్పటికే ఉంది. ట్రిబ్యూన్ అధికారాలు క్రీ.శ. 4 నుంచి ఉన్నాయి. రాష్ట్రాల మీద, సైన్యాల మీద అగస్టస్‌తో సమానమైన అధికారం 13లో వచ్చింది. పెద్దాయన పోగానే ప్రిటోరియన్లకు సంకేతపదం ఇచ్చింది అతనే. ఇద్దరు కాన్సల్స్ అతనికి విధేయతా ప్రమాణం చేశారు, వాళ్ల వెనక సెనేట్, సైనికులు, జనం. అంతా అయ్యాక సెప్టెంబర్ 17న సెనేట్‌లో నిలబడి, ఇంత భారం ఒక్కడి వల్ల కాదు, ఏదో ఒక భాగం ఇస్తే చూసుకుంటాను అన్నాడు. అప్పుడు అసీనియస్ గాల్లస్ లేచి, అయ్యా, ఏ భాగం ఇమ్మంటారు అని అడిగాడు. టిబేరియస్ కాసేపు నోట మాట రాక నిలబడిపోయాడు.

ఈ గాల్లస్ ఎవరో తెలిస్తే ఆ నిశ్శబ్దం బరువు తెలుస్తుంది. టిబేరియస్ మనసారా ప్రేమించిన భార్య విప్సేనియా, అగ్రిప్పా కూతురు. అగ్రిప్పా పోయాక అగస్టస్ తన కూతురు జూలియాను టిబేరియస్‌కు కట్టబెట్టాలనుకున్నాడు. క్రీ.పూ. 11 నాటికి విప్సేనియాకు విడాకులిప్పించి ఆ పెళ్లి చేశాడు. తర్వాత ఒకసారి దారిలో విప్సేనియా కనిపిస్తే టిబేరియస్ కళ్లనీళ్లతో చూస్తూ ఆమె వెంట వెళ్లాడని, మళ్లీ ఆమె అతని కంటపడకుండా జాగ్రత్తలు తీసుకున్నారని చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. ఆ విప్సేనియాను తర్వాత పెళ్లి చేసుకున్నవాడే ఈ గాల్లస్. క్రీ.శ. 30లో ఇతన్ని నిర్బంధంలో పెట్టించారు. మూడేళ్లకు అక్కడే తిండి లేక పోయాడు. టిబేరియస్ ఏదీ మరిచిపోయే మనిషి కాడు.

అధికారం చేజిక్కించుకోవడానికి వారసుడిగా కోరుకున్నవాడైతే ఎగిరి గంతేసేవాడు. ఇతను మార్సెల్లస్, అగ్రిప్పా, గాయస్, లూషియస్ అందరూ అయిపోయాక మిగిలినవాడు. యాభై నాలుగేళ్లు దాటాయి. మధ్యలో అలిగి ఏళ్ల తరబడి రోడ్స్ దీవిలో కూర్చున్నవాడు. చెవులు పట్టుకుని తోడేలును ఆపుతున్నాను అని తానే అనేవాడట. వదిలితే కరుస్తుంది.

ఇంకొక్క సంగతి. అగస్టస్ చివరి మనవడు అగ్రిప్పా పోస్ట్యుమస్ ప్లనేసియా దీవిలో ప్రవాసంలో ఉన్నాడు. అగస్టస్ పోగానే ఆ కుర్రవాణ్ణి కాపలా అధికారి చంపేశాడు. ఆజ్ఞ నెరవేర్చాను అని ఆ అధికారి వచ్చి చెబితే, ఆజ్ఞ నేనివ్వలేదు, సెనేట్‌కు సంజాయిషీ చెప్పుకో అన్నాడు టిబేరియస్. చంపమని చీటీ పంపిన సల్లస్టియస్ క్రిస్పస్ అనే సలహాదారుకు గుండె జారింది. లివియా దగ్గరికి పరిగెత్తి, ఇంటి గుట్టు సెనేట్‌కు ఎక్కనివ్వకండి, లెక్క ఒక్కడికే చెప్పినప్పుడే లెక్క కుదురుతుంది, ఏలికకు అదే పద్ధతి అన్నాడు. విచారణ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కొత్త పాలనలో జరిగిన మొదటి నేరం అని టాసిటస్ దాన్ని పిలిచాడు. నా మటుకు ఆ సలహాదారు మాట కన్నా గట్టి సాక్ష్యం ఇంకేదీ అక్కర్లేదు.

ప్రశ్న: మా జిల్లాలో దొరికిన రోము వెండి నాణెం ఫొటో చూశాను. ఒకవైపు అగస్టస్ తల, రెండోవైపు బల్లేలూ డాళ్లూ పట్టుకున్న ఇద్దరు మనుషులు. వాళ్లెవరు?
స్కూల్ టీచరు, నల్గొండ

టీచరు గారూ, ఆ ఇద్దరే పైన చెప్పిన గాయస్, లూషియస్. జూలియాకూ అగ్రిప్పాకూ పుట్టిన మనవలు. తాత క్రీ.పూ. 17లో ఇద్దరినీ కొడుకులుగా దత్తత తీసుకున్నాడు. లూషియస్‌కు అప్పటికి నిండా ఏడాది లేదు.

నాణెం దగ్గరగా చూస్తే ఇద్దరూ టోగాలు (రోము పౌరులు ఒంటికి చుట్టుకునే పొడుగాటి వస్త్రాలు) కట్టుకుని పక్కపక్కన నిలబడి ఉంటారు. మధ్యలో డాళ్లు ఆనించి ఉంటాయి. అశ్వికుల వర్గం వాళ్లు ఆ ఇద్దరికీ బహూకరించిన వెండి డాళ్లు, ఈటెలు అవి. పైన చిన్న గరిటె, కొన వంకర తిరిగిన కర్ర కనిపిస్తాయి, పూజారి పదవుల గుర్తులు. చుట్టూ ఉన్న అక్షరాలు ఏమంటాయంటే: అగస్టస్ కొడుకులు, కాబోయే కాన్సల్స్, యువతకు నాయకులు. పాత నియమం ప్రకారం కాన్సల్ పదవికి నలభై దాటాలి. వీళ్లను పద్నాలుగేళ్లకే ముందస్తుగా ఎంపిక చేశారు. వీలునామాలో రాయలేని మాటను టంకశాలలో అచ్చు వేయించాడన్నమాట. గాల్ దేశంలోని లుగ్డునం, ఇప్పటి లియోన్ నగరంలో క్రీ.పూ. 2 నుంచి వీటిని కుప్పలు తెప్పలుగా కొట్టారు. మిరియాలూ ముత్యాలూ కొనడానికి ఆ వెండి ఓడలెక్కి మన తీరాలకు వచ్చింది. దక్షిణ భారతంలో దొరికే రోము నిధుల్లో ఈ రకం, టిబేరియస్ కొట్టించిన రకం, ఈ రెండే ఎక్కువ. రోములో ఆ కుర్రాళ్లిద్దరూ పోయి ఎంతోకాలం అయ్యాక కూడా శాతవాహనుల సీమలో వాళ్ల బొమ్మలు చేతులు మారుతూనే ఉన్నాయి.

ప్లీడరును కాబట్టి ఒక మాట. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి నిధి చట్టం చెబుతుంది. ఎవరైనా నాగలి చాలులో దొరికిందని చూపిస్తే ముందు ఆ సంగతి చెప్పండి.

ప్రశ్న: మతిస్థిమితం లేదని చక్రవర్తి వీలునామాను కొట్టేసిన సందర్భం ఉందా మేడమ్?
జూనియర్ అడ్వకేట్, గుంటూరు

ఉంది నాయనా, అదీ టిబేరియస్‌దే. క్రీ.శ. 37 మార్చి 16న పోయాడు. తన మనవడు గెమెల్లస్‌ను, జర్మానికస్ కొడుకు కాలిగులాను సమాన వారసులుగా రాశాడు. గెమెల్లస్‌కు పదిహేడేళ్లు, కాలిగులాకు ఇరవై నాలుగు. ప్రిటోరియన్ల అధిపతి మాక్రో కాలిగులా పక్షం. సెనేట్‌లో వీలునామా ప్రవేశపెట్టి, సభలో అడుగుపెట్టే వయసైనా లేని పిల్లవాడికి పాలన పంచిపెట్టినవాడికి మతి ఉన్నట్టా అని వాదించి, రద్దు చేయించారు. వాదనలోని తెలివి గమనించు. ఆస్తి వీలునామాను రాజ్యం వీలునామాగా చదివితేనే ఆ వాదన నిలుస్తుంది. అలా చదవకూడదన్నదే అగస్టస్ నాటి నుంచి నడిచిన మర్యాద.

ఇంకా తమాషా ఏమిటంటే, కొట్టేసిన వీలునామాలోని కానుకలన్నీ కాలిగులా తూచా తప్పకుండా పంచాడు, తన పేరు మీద. గెమెల్లస్‌ను దత్తత తీసుకున్నాడు, ఏడాది తిరక్కుండానే చావుకు పంపాడు. ఆ కుర్రవాడి నోట మందు వాసన వచ్చింది, నా విషానికి విరుగుడు తాగుతున్నావా అన్నాడట. అది దగ్గు మందు.

ప్రశ్న: క్లాడియస్‌ను తెర వెనక నుంచి లాక్కొచ్చి చక్రవర్తిని చేశారన్నది కథేనా? మా అబ్బాయి నమ్మడం లేదు.
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డల్లాస్

కథలా ఉంటుంది గానీ జరిగిందే. క్రీ.శ. 41 జనవరి 24న ప్రిటోరియన్ అధికారి కాసియస్ కైరియా, అతని తోటివాళ్లు కాలిగులాను మహలు నడవలో నరికి చంపారు. జర్మానికస్ తమ్ముడు క్లాడియస్ అప్పటికి యాభైకి దగ్గర పడినవాడు. కాలు ఈడుస్తాడు, మాట తడబడుతుంది, చరిత్ర పుస్తకాలు రాసుకుంటాడు. అమాయకుడన్న పేరే ఇన్నాళ్లూ అతన్ని బతికించింది. గొడవ విని తలుపుకు వేలాడే తెర వెనక దాక్కున్నాడు. అటుగా పోతున్న సైనికుడికి తెర కింద పాదాలు కనిపించాయి. లాగి చూస్తే క్లాడియస్ ప్రాణభయంతో కాళ్ల మీద పడ్డాడు. సైనికుడు అతనికే చక్రవర్తీ అని వందనం చేశాడు.

అదే సమయంలో సెనేట్ ఏం చేస్తోంది? మామూలు సభాభవనానికి జూలియన్ల పేరుంది కనుక అందులో కూర్చోకుండా కాపిటల్ కొండ మీద సమావేశమైంది. గణతంత్రం తిరిగి తెద్దామని ఉపన్యాసాలు సాగాయి. ఆ రాత్రి కాన్సల్స్ ఇచ్చిన సంకేతపదం స్వేచ్ఛ. తెల్లారేసరికి ఆ స్వేచ్ఛలో ఎవరు పెద్ద అన్న పోటీ మొదలైంది, సెనేట్ పక్షాన ఉన్న సైనికులు కూడా జారుకున్నారు.

శిబిరంలో క్లాడియస్ ఒక్కొక్క ప్రిటోరియన్‌కు 15,000 సెస్టర్సులు ఇస్తానన్నాడు. వాళ్ల ఏడాది జీతం 3,000 దగ్గర ఉండేది కాబట్టి ఐదేళ్ల జీతం. సైనికుల విధేయతను డబ్బుతో కొన్న మొదటి సీజర్ ఇతనే అని స్యుటోనియస్ అన్నాడు. అగస్టస్ వీలునామాలోని తలా వెయ్యి గుర్తుందా? అది చనిపోయినవాడు ఇచ్చిన కానుక. ఇది వేలంపాటలో పలికిన ధర. పైగా క్లాడియస్ ఆ సంగతి దాచలేదు, ప్రిటోరియన్ల శిబిరం గోడలను నాణేల మీద కొట్టించాడు. సెనేట్ అధికారాలన్నీ మరునాడు ఓటేసి ఇచ్చింది. కాలిగులాను చంపిన కైరియాకు మరణశిక్ష పడింది, చక్రవర్తులను చంపడం అలవాటు కాకూడదు మరి.

క్లాడియస్ సీజర్ల ఇంట్లోకి దత్తు వచ్చినవాడు కూడా కాదు. ఆ ఇంటిపేరు తానే తగిలించుకున్నాడు. ఆనాటి నుంచి సీజర్ అన్నది ఇంటిపేరు కావడం మానేసి బిరుదు కావడం మొదలైంది.

ప్రశ్న: కన్నకొడుకు బ్రిటానికస్ ఉండగా క్లాడియస్ నీరోకు ఎందుకు కట్టబెట్టాడు? అతనికి న్యాయం జరగలేదని నాకు బాధగా ఉంది.
పదో తరగతి విద్యార్థి, శ్రీకాకుళం

బాధపడదగ్గ కేసే నాన్నా. ఇన్నేళ్లుగా నాకూ మింగుడుపడలేదు.

బ్రిటానికస్ తల్లి మెస్సలీనా 48లో శిక్షపడి పోయింది. మరుసటి ఏడాది క్లాడియస్ తన అన్న కూతురు అగ్రిప్పీనాను పెళ్లాడాడు. అన్న కూతురిని చేసుకోవడం రోములో తప్పు, కాబట్టి సెనేట్ చేత రూలే మార్పించాడు. ఆమె మొదటి పెళ్లి కొడుకు డొమిటియస్, బ్రిటానికస్ కన్నా మూడేళ్లు పెద్ద. 50 ఫిబ్రవరిలో అతన్ని దత్తత తీసుకుని నీరో అని పేరు పెట్టారు. వాదన ఏమిటంటే పూర్వాచారం: అగస్టస్‌కు మనవలుండగా సవతి కొడుకులను పైకి తేలేదా, టిబేరియస్ కన్నకొడుకుండగా జర్మానికస్‌ను దత్తు తీసుకోలేదా? పెద్ద క్లాడియన్ల వంశంలో అంతవరకూ ఒక్క దత్తతా లేదని తెలిసినవాళ్లు గొణుక్కున్నారు.

తర్వాత జనం కళ్ల ముందే జరిగింది. ఆటల పోటీల్లో నీరో విజయోత్సవ వస్త్రాల్లో, బ్రిటానికస్ పిల్లల అంచు టోగాలో. చూసినవాడికి వారసుడెవరో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకసారి ఇద్దరూ ఎదురుపడితే నీరో బ్రిటానికస్ అని పలకరించాడు, ఇతను డొమిటియస్ అన్నాడు. దత్తతను ఆ పిల్లవాడు ఒప్పుకోలేదన్నమాట. అగ్రిప్పీనా ఆ ఒక్క మాట పట్టుకుని భర్త దగ్గర గోల పెట్టి, పిల్లవాడి గురువులనూ నమ్మకమైన మనుషులనూ మార్పించేసింది.

54 అక్టోబర్ 13న క్లాడియస్ పోయాడు. పుట్టగొడుగుల్లో విషం పెట్టారని పాత చరిత్రకారులు దాదాపు అందరూ రాశారు. మధ్యాహ్నం మహలు తలుపులు తెరిచి నీరోను బయటికి తెచ్చారు. కాపలా దళంలో కొందరు వెనక్కి చూసి, బ్రిటానికస్ ఎక్కడ అని అడిగారట. జవాబిచ్చినవాళ్లు లేరు, వాళ్లూ మిగతావాళ్లతో కలిసిపోయారు. శిబిరంలో మళ్లీ తలా 15,000 పలికింది. ఇక క్లాడియస్ వీలునామా చదవనే లేదు. కొడుకును కాదని సవతి కొడుకును ముందు పెడితే జనం మండిపడతారని భయం అంటాడు టాసిటస్. నా అనుమానం వేరు. నీరోను నిజంగా ముందు పెట్టిన వీలునామా అయితే చదివి మరీ వినిపించేవాళ్లు.

55 ఫిబ్రవరిలో బ్రిటానికస్‌కు పద్నాలుగేళ్లు నిండే వేళ. పిల్లలకు వేరే బల్ల, తక్కువ వంటకాలు. ప్రతి ముద్దా ప్రతి గుక్కా ముందు ఒక సేవకుడు రుచి చూడాలి. వేడి పానీయం రుచి చూసి ఇచ్చారు. మరీ వేడిగా ఉందని పిల్లవాడు వెనక్కిచ్చాడు. చల్లార్చడానికి పోసిన చన్నీళ్లలో ఉంది విషం, చన్నీళ్లను రుచి చూసే ఆచారం లేదు. క్షణంలో మాట, ఊపిరి ఆగిపోయాయి. పక్కన పడుకుని భోంచేస్తున్న నీరో కదలకుండా, చిన్నప్పటి నుంచి ఉన్న మూర్ఛే, కాసేపట్లో తేరుకుంటాడు అన్నాడు. అతని భార్య ఆక్టేవియా ఆ పిల్లవాడికి తోడబుట్టిన అక్క. చిన్న వయసే అయినా దుఃఖమూ ప్రేమా ముఖంలో కనబడకుండా దాచుకోవడం అప్పటికే నేర్చుకుందని రాశాడు టాసిటస్. విందు మళ్లీ సాగింది. ఆ రాత్రి వానలోనే దహనం చేశారు.

ఇందులో విషం సంగతి లివియా కేసులా కొట్టేయలేను. ఆ బల్ల దగ్గర చాలామంది ఉన్నారు, కథనం ఒకే తీరుగా వచ్చింది. అయినా మూర్ఛ జబ్బు ఉన్న పిల్లవాడే కాబట్టి డిఫెన్సు ప్లీడరుకు ఆ ఒక్క సందు మిగిలింది.

ప్రశ్న: చివరికైనా చక్రవర్తి అధికారాలను చట్టంగా రాసుకున్నారా?
రిటైర్డ్ లైబ్రేరియన్, బళ్లారి

రాసుకున్నారు, అదీ నీరో వంశం ఆగిపోయి రక్తం పారాక. 68 జూన్‌లో నీరో ఆత్మహత్య చేసుకున్నాడు. తర్వాత ఏడాదిన్నరలో గాల్బా, ఓథో, విటెల్లియస్, వెస్పాసియన్, నలుగురు. చక్రవర్తిని రోము బయట కూడా తయారు చేయవచ్చన్న రహస్యం బయటపడిందని టాసిటస్ అన్నది అప్పటి గురించే. డెబ్బై దాటిన గాల్బా, నేను సైనికులను ఎంచుకుంటాను, కొనను అన్నాడు. ఎంత గొప్ప మాటో అంత ఖరీదైన మాట. 69 జనవరి 10న పీసో అనే యువకుణ్ణి వారసుడిగా దత్తత తీసుకున్నాడు, 15న ఇద్దరి తలలూ తెగాయి.

వెస్పాసియన్ కోసం చేసిన చట్టం ఒక కంచు ఫలకం మీద మిగిలి, ఇప్పుడు రోములో కాపిటల్ కొండ మీది మ్యూజియంలో ఉంది. ఐదడుగులు దాటిన ఎత్తు. పద్నాలుగో శతాబ్దంలో కోలా ది రియెంజో అనే నాయకుడు దాన్ని జనానికి చదివి వినిపించాడు. మొదటి భాగం పోయింది. మిగిలినదాంట్లో క్లాజులు చూస్తే నాకు పాత మిత్రులను చూసినట్టుంటుంది. ఎవరితోనైనా సంధి చేసుకోవచ్చు, అగస్టస్, టిబేరియస్, క్లాడియస్‌లకు ఉన్నట్టే. సెనేట్‌ను పిలవవచ్చు, ఆ ముగ్గురికీ ఉన్నట్టే. పూర్వాచారానికి ఆ మూడు పేర్లే వాడారు. కాలిగులా, నీరోల పేర్లు ఎక్కడా లేవు, రాసిన గుమస్తా ఎవరో గట్టివాడు. రాజ్య ప్రయోజనానికి తగినదని తోచిన ఏ పనైనా చేయవచ్చని ఒక క్లాజు. ఈ చట్టం రాకముందు అతను చేసిన పనులన్నీ చట్టబద్ధమేనని ఇంకో క్లాజు. అది ఎందుకంటే అలెగ్జాండ్రియాలో సైన్యం అతన్ని చక్రవర్తిగా ప్రకటించింది 69 జూలై 1న, సెనేట్ ఒప్పుకుంది డిసెంబర్‌లో. మధ్య ఆరు నెలలకు రసీదు కావాలి.

దొరికిన భాగంలో వారసుడి ఊసు లేదు. వెస్పాసియన్ దాన్ని నోటితోనే తేల్చేశాడు, నా తర్వాత నా కొడుకులు, లేదా ఎవరూ కాదు అని సెనేట్‌కు చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. పెద్ద కొడుకు టైటస్‌కు ట్రిబ్యూన్ అధికారాలు ఇప్పించి, ప్రిటోరియన్ దళానికే అధిపతిగా వేశాడు. తెర వెనక పాదాలు వెతికే సైనికులు ఇప్పుడు వారసుడి కిందే పనిచేస్తున్నారు. 79 జూన్‌లో వెస్పాసియన్ పోతే టైటస్‌ను ప్రశ్నించినవాళ్లు లేరు. ఈ టైటస్ తండ్రి పేరు మీద ఉత్తరాలు రాసేవాడు, శాసనాలూ తయారుచేసేవాడు. ఎవరి చేతిరాతనైనా అచ్చుగుద్దినట్టు దించేవాడు కూడా. నేను అనుకుంటే దేశంలోకెల్లా పెద్ద దొంగసంతకాలవాణ్ణి అయ్యేవాణ్ణి అని తానే చెప్పుకునేవాడట.